ఒకే బ్రాండ్ షోరూమా, అన్ని బ్రాండ్ల సైకిల్ షాపా: అపోహలు - వాస్తవాలు

గేర్ సైకిల్ కొనాలంటే పెద్ద ఊళ్లలో ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఒకే కంపెనీ పేరుతో నడిచే షోరూము. రెండోది నాలుగైదు కంపెనీల సైకిళ్లు వరసగా నిలబెట్టి, వెనక గదిలో మెకానిక్‌ను పెట్టుకున్న షాపు. ఈ రెండింటి మీదా కొనేవాళ్లలో పాతుకుపోయిన నమ్మకాలున్నాయి. కొన్ని డబ్బు దండగ చేయిస్తాయి, కొన్ని ఏకంగా సైకిల్నే పాడుచేస్తాయి.

అపోహ: బ్రాండ్ షోరూములో కొన్న సైకిల్‌కి పార్టులు అక్కడే దొరుకుతాయి.

బ్రాండ్‌ది ప్రధానంగా ఫ్రేము. గేర్లు, బ్రేకులు చాలావరకు పార్టులు చేసే వేరే కంపెనీలవి, అంటే షిమానోవో స్రామ్‌వో మైక్రోషిఫ్ట్‌వో టెక్ట్రోవో అయి ఉంటాయి. చైను కె.ఎం.సి.ది కావచ్చు. సీటు మీద, గ్రిప్పుల మీద కంపెనీ పేరు అచ్చయి ఉన్నా కొలతలు మామూలువే. ఆ మాటకొస్తే ఫ్రేము కూడా వేరేవాళ్లు చేసిందే కావచ్చు. 1972లో తైవాన్‌లో మొదలైన జెయింట్ కంపెనీ ఏళ్ల తరబడి ఇతర బ్రాండ్లకు సైకిళ్లు చేసిపెట్టింది. కాబట్టి 8 స్పీడు (వెనక ఎనిమిది పళ్లచక్రాలుండే రకం) చైను, బ్రేక్ ప్యాడ్లు, గేరు కేబుల్, టైరు, ట్యూబు, పెడళ్లు ఏ మంచి షాపులో కొన్నా ఒకటే.

షోరూముకే వెళ్లాల్సిన పార్టులు కొన్ని ఉన్నాయి. అవేవో కొనేముందే తెలుసుకోవాలి.

మొదటిది హ్యాంగర్. వెనక డీరెయిలర్‌ను, అంటే చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగాన్ని, ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఇది. సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది ఇదే. వంగినా గేర్లు కాస్త అటూఇటూగా పడుతూనే ఉంటాయి కాబట్టి చాలామంది గమనించరు. ఏదో ఒక ఎత్తు దగ్గర అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి వేయగానే డీరెయిలర్ పోయి స్పోకుల్లో చిక్కుకుంటుంది. ఆ దెబ్బకు డీరెయిలర్, హ్యాంగర్, నాలుగైదు స్పోకులు ఒకేసారి పోతాయి. హ్యాంగర్ ఆకారం ఫ్రేమును బట్టి మారుతుంది, ఒక్కోసారి అదే కంపెనీలో ఏడాదికో రకం వస్తుంది. స్రామ్ 2019లో తెచ్చిన యూనివర్సల్ హ్యాంగర్‌కు తగ్గట్టు చేసిన ఫ్రేముకైతే ఈ బాధ లేదు. లేకపోతే సైకిల్ కొన్న రోజే ఒక స్పేర్ హ్యాంగర్ కొని సీటు కింది సంచిలో పెట్టుకోండి. మోడల్ ఆగిపోయాక దానికోసం తిరగడం నరకం.

రెండోది పెడళ్ల మధ్య ఉండే బేరింగుల సెట్టు, బాటమ్ బ్రాకెట్. పాత బి.ఎస్.ఎ. థ్రెడ్డు రకం ఎక్కడైనా మార్చుకోవచ్చు. కుడివైపు కప్పుది ఎడమ మర అని తెలిసిన మెకానిక్ అయితే చాలు. తెలియనివాడు బలంగా తిప్పితే మాత్రం ఫ్రేము థ్రెడ్డు లేచిపోతుంది. మర లేకుండా ఒత్తి దింపే ప్రెస్‌ఫిట్ రకంలో బి.బి.30, పి.ఎఫ్.30, బి.బి.86 అని వేరువేరు కొలతలు. ట్రెక్ బి.బి.90లో బేరింగులు నేరుగా ఫ్రేములోకే దిగుతాయి. వీటికి సరైన ప్రెస్ పనిముట్టు, సరైన బేరింగు రెండూ కావాలి. సుత్తితో కొట్టి దింపే షాపు ఎవరిదైనా సరే, అక్కణ్ణుంచి సైకిల్ వెనక్కి తీసుకోండి.

ఇక కొన్ని కంపెనీల సొంత కొలతలు. క్యానన్‌డేల్ ఎ.ఐ. ఫ్రేముల్లో వెనక గేర్ల భాగం 6 మిల్లీమీటర్లు కుడికి జరిగి ఉంటుంది. మామూలు వెనక చక్రం బిగిస్తే రిమ్ము మధ్యలోకి రాదు. సంగతి తెలియని మెకానిక్ ఫ్రేము వంగిందనుకుంటాడు. నిజానికి ఆ చక్రాన్ని ఆ ఫ్రేముకు తగ్గట్టు స్పోకులతో పక్కకు లాగాలి. కొన్ని జెయింట్ మోడళ్లలో సీటు పోస్టు డి ఆకారంలో ఉంటుంది. గుండ్రటి 27.2 మిల్లీమీటర్ల పోస్టు అందులో నిలవదు.

అపోహ: షాపులో ఐదు బ్రాండ్లుంటే ఐదు కంపెనీలను పోల్చి చూసినట్టే.

పేర్లు లెక్కపెట్టకండి. బి.ఎస్.ఎ., హెర్క్యులిస్, మోంట్రా మూడూ టి.ఐ. సైకిల్స్‌వే. ఫైర్‌ఫాక్స్ 2015 నుంచి హీరో సైకిల్స్ చేతిలో ఉంది. ఐదు బోర్డుల వెనక రెండు కంపెనీలే ఉండొచ్చు. పైగా అన్ని బ్రాండ్లూ పెట్టుకున్న యజమానికి కూడా పేరుకుపోయిన సరుకు ఉంటుంది, మార్జిన్ ఎక్కువిచ్చే కంపెనీ ఉంటుంది. ‘మీకు ఇదే బాగుంటుంది’ అంటే ‘దీనికీ దానికీ వెనక చక్రం హబ్బులో తేడా ఏమిటి’ అని అడగండి. ఒకటి హబ్బుకు మరతో బిగించే థ్రెడ్డు ఫ్రీవీల్, ఇంకొకటి ఫ్రీహబ్ అనే భాగం మీద తొడిగే క్యాసెట్ (పళ్లచక్రాల సెట్టు) అని చెప్పగలిగితే ఆయన మాట వినొచ్చు. ఈ తేడా పెద్దది. ఫ్రీవీల్ రకంలో కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోయి, దాని బయట ఇరుసు ఆసరా లేకుండా సాగి ఉంటుంది. బరువైన మనిషి గుంతల్లో తొక్కితే ఇరుసు వంగుతుంది, విరుగుతుంది. 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఉండేది ఇదే.

అపోహ: జీవితకాల వారంటీ ఉంది, ఏం పోయినా కంపెనీయే చూసుకుంటుంది.

ఆ వారంటీ సాధారణంగా ఫ్రేముకి, అదీ మొదట కొన్నవాళ్లకు మాత్రమే. తయారీ లోపానికే తప్ప పడి వంగినదానికి వర్తించదు. చైను, టైర్లు, ప్యాడ్లు, కేబుళ్లు అరిగిపోయేవి కాబట్టి వాటికి ఉండదు. బిల్లు మీద ఫ్రేము నంబరు రాయించుకోండి. చాలా సైకిళ్లలో అది బాటమ్ బ్రాకెట్ కింద చెక్కి ఉంటుంది.

అపోహ: సర్వీసుకిస్తే వాళ్లు చెప్పినవన్నీ మార్చాల్సిందే.

చైను అరుగుదలను ఇంట్లోనే ఇంచుల స్టీలు స్కేలుతో చూడొచ్చు. ఒక పిన్ను మధ్యన సున్నా పెట్టండి. కొత్త చైనులో 12 ఇంచుల గీత ఇంకో పిన్ను మధ్యన సరిగ్గా పడుతుంది. ఆ పిన్ను ఇంచులో పదహారో వంతు అవతలికి జరిగి ఉంటే అరశాతం సాగినట్టు. 11, 12 స్పీడు చైన్లకు అదే హద్దు, 8 నుంచి 10 స్పీడు వాటికి ముప్పావు శాతం దాకా ఆగొచ్చు. ఆ దశలో చైను ఒక్కటే మారిస్తే సాధారణంగా క్యాసెట్ బతుకుతుంది. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే పళ్లు కూడా అరిగిపోయి, కొత్త చైను వాటి మీద జారుతుంది. అప్పుడు మొత్తం సెట్టు మార్చమని అడిగితే షాపువాళ్ల తప్పు కాదు.

అపోహ: డిస్క్ బ్రేకు ఏ మెకానిక్ అయినా చూసేస్తాడు.

పంక్చర్ వేయడంలో, చక్రం బెండు తీయడంలో, ఓవరాయిలింగ్‌లో మూలమీది షాపుల పనితనం గొప్పది. పెద్ద షోరూముల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ల కన్నా చాలాసార్లు వాళ్లే నయం. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు మాత్రం వేరే చదువు. షిమానో, టెక్ట్రో బ్రేకులకు మినరల్ ఆయిల్ కావాలి. స్రామ్ మోడళ్లలో చాలావాటికి డాట్ 5.1 అనే బ్రేక్ ఆయిల్. మినరల్ ఆయిల్ బ్రేకులో మోటార్‌సైకిల్ బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, లివర్ వెనక్కి రాదు, చివరికి బ్రేకు మొత్తం మార్చాలి. ఏది పోయాలో లివర్ మూత మీద రాసే ఉంటుంది. చదివి చెప్పండి. చైనుకి ఆయిల్ స్ప్రే కొట్టేటప్పుడు డిస్కు మీద గుడ్డ కప్పమనండి.

అపోహ: ఫ్రీ సర్వీసు అంటే తుడిచి నూనె వేయడమే.

నిజానికి కొన్న నెలా నెలన్నరలో జరిగే ఆ మొదటి సర్వీసే అన్నిటికన్నా ముఖ్యం. కొత్త కేబుళ్ల తొడుగులు సర్దుకుంటాయి, గేర్లు తప్పుతాయి. స్పోకులు వదులవుతాయి. హ్యాండిల్ దగ్గర బేరింగు కదలాడుతుంది. దాన్ని చూడాలంటే ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, టకటకమంటే బిగింపు తప్పింది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క, అంటే స్టెమ్, పక్క బోల్టులు వదులు చేసి, పైమూత బోల్టుతో ఆ కదలాట తీసేసి, తర్వాత పక్కవి బిగించాలి. పక్కవి వదులు చేయకుండా పైమూతనే తిప్పేవాళ్లు ఎక్కువ. దానివల్ల కదలాట పోదు, లోపలి నట్టు జారిపోతుంది.

ఎడమ క్రాంకును, అంటే పెడల్ బిగించే చేతిని, తప్పక చూపించండి. చదరపు ఇరుసు మీద కూర్చునే రకమైతే మొదటి వంద కిలోమీటర్లలో వదులయ్యే అవకాశముంది. తొక్కినప్పుడల్లా కటక్ అంటున్నా అలాగే తొక్కితే అల్యూమినియం క్రాంకులో చదరపు రంధ్రం గుండ్రబడిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంకు మార్చాల్సిందే. చేయాల్సిందల్లా కంపెనీ చెప్పిన 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బలంతో బిగించడం. షాపులో టార్క్ రెంచ్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ: ఒక బ్రాండ్‌లో ఎం సైజు సరిపోతే అన్నిట్లోనూ అదే.

అక్షరం ఒకటే, ఫ్రేము పొడవు వేరు. ఒకే బ్రాండున్న చోట ఎం, ఎల్ మధ్య ఇరుక్కుంటే సీటు జరిపో స్టెమ్ మార్చో సరిపెట్టేస్తారు. ఇంకో కంపెనీ ఎం మీకు సరిగ్గా సరిపోవచ్చు, కానీ అది అక్కడ ఉండదు. అన్ని బ్రాండ్ల షాపు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. వెళ్లేముందు గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య పుస్తకం ఇరికించి నేల నుంచి దాని పై అంచు దాకా కొలుచుకోండి. దాన్ని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. 80 సెంటీమీటర్లకు అది 70.6. షాపులో ముందు ఆ ఎత్తుకు సీటు పెట్టించి, అప్పుడు తొక్కి చూడండి.

అపోహ: 26 అంటే 26, 28 అంటే 28. టైరు ఎక్కడైనా దొరుకుతుంది.

మండల కేంద్రాల్లో ఉండేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మౌంటెన్ సైకిల్ 26 టైరు లోపలి కొలత 559 మిల్లీమీటర్లు. ఊళ్లో దొరికే 26 X 1 3/8 టైరుది 590. రెండూ 26 అనే పిలుస్తారు, ఒకదాని రిమ్ము మీద ఇంకొకటి కూర్చోదు. పాత పెద్ద సైకిళ్ల 28 X 1 1/2 టైరుది 635. ఇప్పటి 700సి, 29 రెండూ 622. టైరు పక్కన 40-622 లాంటి అంకె ఉంటుంది, షాపులో ఆ రెండో సంఖ్య చెప్పి అడగండి. మీ ఊళ్లో 622 లేకపోతే సైకిల్‌తో పాటే రెండు ట్యూబులు, ఒక టైరు తెచ్చుకోండి. రిమ్ము రంధ్రం సన్నటి ప్రెస్టా వాల్వుదైతే 6.5 మిల్లీమీటర్లే ఉంటుంది, మోటార్‌సైకిల్ తరహా వాల్వున్న ట్యూబు అందులో దూరదు. ప్రెస్టాకు పంక్చర్ షాపు పంపు పట్టాలంటే చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. అది కూడా ఆ సీటు సంచిలోనే, హ్యాంగర్ పక్కన ఉండాలి.