కోడి, చెరువు, కుళాయి నీళ్లు: మందుకు లొంగని బ్యాక్టీరియా గురించి అపోహలు, వాస్తవాలు

వెటర్నరీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని అని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు అడుగుతారు, "ఇంతకీ చికెన్ తినొచ్చా అండీ?" అని. తినొచ్చు, బాగా ఉడికించుకుని తినండి. మాంసంలోనో పాలలోనో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మందు ఒక సమస్య, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా ఇంకో సమస్య. రెండింటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే వాట్సాప్‌లో సగం గోల.

అపోహ: "నా ఒంటికి ఆ యాంటీబయాటిక్ అలవాటైపోయింది, ఇక పనిచేయదు."

ఒంటికి ఏమీ కాలేదు. మొండికేసింది బ్యాక్టీరియా. అది మీరు వాడిన మందు వల్లే తయారై ఉండాలని కూడా లేదు. ఏళ్ల తరబడి ఒక్క మాత్ర మింగని మనిషి పేగుల్లోకి కూడా ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియాలో మొండి రకం చేరవచ్చు, నీళ్ల నుంచో, ఇంట్లోవాళ్ల నుంచో, పచ్చి మాంసం పట్టుకున్న చేతి నుంచో.

అపోహ: "సూపర్‌బగ్ ఉడికించినా చావదు."

సూపర్‌బగ్ అంటే చాలా మందులకు లొంగని బ్యాక్టీరియా, అంతే. చస్తుంది. వేడికి, క్లోరిన్‌కి మామూలు ఈ.కోలై ఎలా చస్తుందో ఇదీ దాదాపు అలాగే చస్తుంది. అసలు తంటా ఉడకకముందే. చికెన్‌ని కుళాయి కింద పెట్టి కడుగుతాం, ఆ తుంపర సింకు చుట్టూ పడుతుంది, అదే కత్తి, అదే చెక్క మీద కీరా ముక్కలు కోస్తాం. కీరాని ఎవరూ ఉడికించరు కదా.

మందు సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. పొదుగువాపుకి వేసిన యాంటీబయాటిక్ పాలలోకి దిగితే, కాచినా చాలావరకు అలాగే ఉండిపోతుంది. అలాంటి పాలకి తోడు వేస్తే ఒక్కోసారి పెరుగు కాదు, ఎందుకంటే తోడులో ఉన్న బ్యాక్టీరియాని ఆ మందే పెరగనివ్వదు. (అలాగని పాలు తోడుకోని ప్రతిసారీ పాలవాడి మీద పడకండి, చలికాలంలో మా ఇంట్లోనూ తోడుకోవు.)

అపోహ: "ఈ.కోలై మన పేగుల్లో ఉండేదే, జబ్బు చేయనిది దొరికితే ఇబ్బంది ఏంటి?"

చదువుకున్నవాళ్లే ఎక్కువగా ఈ మాట అంటారు, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నా. చెరువు నీళ్లో కోడి పేగులోని పదార్థమో వచ్చిందనుకోండి, సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కలిపిన మెకాంకీ అగార్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద వేస్తాం. ఆ మందు ఉన్నా సరే గులాబీ రంగు కాలనీలు లేచాయంటే అనుమానం మొదలు. ఒక కాలనీని తీసి ఈ.కోలై అని తేల్చుకుని, ఇంకో ప్లేటు నిండా పూసి, పైన మందు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్లలు పెట్టి రాత్రంతా 35 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పొద్దున్నే తీసి చూస్తే మందు పనిచేసిన బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం ఉంటుంది, పనిచేయని బిళ్లను ఆనుకుని బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది. సెఫోటాక్సిమ్ ఒక్కటే ఉన్న బిళ్ల కంటే, దానికి అలాంటి ఎంజైమ్‌ని అడ్డుకునే క్లావులానిక్ యాసిడ్ కలిపిన బిళ్ల చుట్టూ వలయం 5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో పెద్దదైతే, ఆ ఈ.కోలై మందుని ముక్కలు చేసే ఎంజైమ్ తయారు చేస్తోందన్నమాట. ఆ రకాన్నే మేం ఈఎస్‌బీఎల్ అంటాం.

ఈ ఎంజైమ్‌కి కావాల్సిన జన్యువు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది. పక్కనున్న బ్యాక్టీరియాకి ఈ.కోలై ఆ ప్లాస్మిడ్ నకలు ఇచ్చేయగలదు, జేబులోంచి తీసి చేతిలో పెట్టినంత తేలిగ్గా, అదీ తన జాతి కాకపోయినా సరే. జబ్బు చేయని ఈ.కోలై నుంచి ఆసుపత్రుల్లో ప్రాణాల మీదకు తెచ్చే క్లెబ్సియెల్లాకి కూడా వెళ్లగలదు. పైగా ఒక్కో ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల జన్యువులు కలిసి ప్రయాణిస్తాయి కాబట్టి, ఒక మందు మానేసినంత మాత్రాన దాని మొండితనం వెంటనే పోదు.

కోలిస్టిన్ కథ ఇలాంటిదే. ఏ మందూ పనిచేయని రోగికి చివరగా ఇచ్చే మందు అది, మరోపక్క కోళ్ల దాణాలోనూ కలిపేవారు. దానికి లొంగనివ్వని ఎంసీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని చైనాలో పందులు, మాంసం, రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియాలో 2015లో బయటపడింది. మన దేశం 2019 జూలైలో ఆహారానికి పెంచే జంతువులకు, కోళ్లకు, దాణాకు కోలిస్టిన్‌ని నిషేధించింది. మంచి నిర్ణయమే, నన్నడిగితే ఆలస్యంగా వచ్చింది.

అపోహ: "ఇదంతా పటాన్‌చెరు ఫ్యాక్టరీల పాపం."

పాపం పెద్దదే, కాదనను. స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ప్రచురించిన లెక్క చూస్తే, అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అయితే ఢిల్లీ సంగతి చూడండి. 2011లో వచ్చిన అధ్యయనంలో, కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లకు కూడా లొంగనివ్వని ఎన్‌డీఎం-1 జన్యువు 50 కుళాయి నీళ్ల శాంపిళ్లలో 2 చోట్ల, వీధుల్లో నిలిచిన, పారే నీళ్లవి 171 తీస్తే 51 చోట్ల దొరికింది. ఇది ప్రధానంగా మందుల ఫ్యాక్టరీ కథ కాదు, మనుషుల మలం, మురుగు మంచినీళ్లలో కలిసే కథ. మందులషాపులో చీటీ లేకుండా మాత్రలు కొనేవాళ్లం, సెప్టిక్ ట్యాంకు కాలువలోకి వదిలేవాళ్లం పటాన్‌చెరు పేరు చెప్పి తప్పించుకోలేం.

అపోహ: "నాటుకోడి అయితే భయం లేదు."

మందు తక్కువ తిని ఉంటుంది, నిజం. కానీ పెంటకుప్పల మీద, మురుగు కాలువ పక్కన తిరిగే కోడికి మొండి బ్యాక్టీరియా అక్కడే దొరుకుతుంది. అదీ ఉడికించే తినాలి, అంతే.

అపోహ: "మందు వేసిన బర్రె పాలు అమ్మకుండా దూడకి తాగిస్తున్నాం, ఇంకేం కావాలి?"

అమ్మకపోవడం చాలా సరైన పని, మందు సీసా మీద రాసి ఉన్నన్ని రోజులూ అమ్మకూడదు. అయితే ఆ పాలలో ఉన్న కొద్దిపాటి మందు దూడ పేగుల్లో మామూలు బ్యాక్టీరియాని అణిచి, మొండివాటికి చోటిస్తుంది. తర్వాత ఆ పేడ పొలంలోకే వెళుతుంది. ఆ రోజులన్నీ దూడకి వేరే పాలు పట్టండి. పారబోసే పాలు చెరువులోకి, కాలువలోకి మాత్రం వదలొద్దు.