బ్యాంకులో ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ పని: అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో పనిచేస్తున్నానంటే మనవాళ్లు మొదట అడిగేది "ఏ బ్రాంచి?" అని. బ్రాంచి కాదండీ, హెడ్డాఫీసులో పెద్దాఫీసరు పనులు చక్కబెట్టే ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌ని (ఈఏ) అంటే "ఓహో, సారు గారి ఫోన్లు ఎత్తడమా" అంటారు. ముందు ముంబైలో ఒక ప్రైవేటు బ్యాంకులో, ఇప్పుడు హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక విదేశీ బ్యాంకులో ఇదే పని చేస్తున్నాను. డిగ్రీ అయిన పిల్లలు ఈ మధ్య తరచుగా దీని గురించి అడుగుతున్నారు, వాళ్లు విన్నవాటిలో చాలా మాటలు తప్పు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: క్యాలెండర్ చూసుకోవడమే కదా, ఎవరైనా చేస్తారు.

ఒక్క మార్చి నెల చూడండి. అమెరికా రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతుంది, బ్రిటన్ చివరి ఆదివారం దాకా జరపదు, మనం అసలు జరపం. ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్ వాళ్ల వారపు కాల్ మనకు గంట ముందే వచ్చేస్తుంది, లండన్ కాల్ మాత్రం పాత టైముకే ఉంటుంది, రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. అక్టోబరు చివర్లో బ్రిటన్ ముందు మారుతుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం మారుతుంది, అప్పుడో వారం మళ్లీ ఇదే గొడవ. ఫిబ్రవరిలోనే కూర్చుని ఇవన్నీ సరిచేసి పెట్టుకోకపోతే బాస్ ఒకేసారి రెండు కాల్స్‌లో ఉండాల్సి వస్తుంది.

మన దేశపు బ్యాంకుల్లో లెక్క వేరు. ఆర్‌బీఐ పాలసీ రోజున ఉదయం పది గంటలకు గవర్నర్ రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ) చెప్తారు, ఆ పూట ట్రెజరీ హెడ్ (బ్యాంకు నిధులూ పెట్టుబడులూ చూసే అధికారి) క్యాలెండర్‌లో ఇంకేమీ పెట్టకూడదు. బోర్డు మీటింగుల మధ్య 120 రోజులకు మించి ఖాళీ ఉండకూడదని కంపెనీల చట్టం, మామూలుగా ఏడు రోజుల ముందే నోటీసు వెళ్లాలి. ఎవరో ఊళ్లో లేరని తేదీ జరిపేద్దామంటే కుదరదు. అన్నట్టు, ఆ నోటీసులూ బోర్డు మినిట్సూ చూసే కంపెనీ సెక్రటరీ వేరు, మేము వేరు. వాళ్లు ఐసీఎస్ఐ (కంపెనీ సెక్రటరీల సంస్థ) పరీక్షలు పాసైనవాళ్లు.

అపోహ: ఈఏకి లోపలి సంగతులన్నీ తెలుస్తాయి, ఏ షేరు కొనాలో అడిగితే చెప్తారు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇది. తెలుస్తాయి, నిజమే. తెలుస్తాయి కాబట్టే చెప్పకూడదు, మేము కొనకూడదు కూడా. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల్లో డిజిగ్నేటెడ్ పర్సన్స్, అంటే ఆంక్షలు వర్తించేవాళ్లు, ఎండీ, సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం అధిపతి)లే కాదు, బయటికి రాని సమాచారం చేతికందే సెక్రటరీ స్టాఫ్ కూడా. క్వార్టర్ ముగిసిన దగ్గర్నుంచి ఫలితాలు ప్రకటించి 48 గంటలు గడిచేదాకా మన బ్యాంకు షేరు ముట్టుకోకూడదు. ముంబైలో ఉన్నప్పుడు మా ఆవిడ పాన్ నంబరు కూడా కంప్లయన్స్ (రూల్స్ అమలు చూసే విభాగం) వాళ్లకు ఇచ్చాను, ఎందుకంటే ఆమె డీమ్యాట్ ఖాతాకూ ఇదే రూలు.

రహస్యం అంటే సీలు వేసిన ఫైల్లో ఉండేదని చాలామంది అనుకుంటారు. నెల తిరక్కుండా అదే ఊరికి మూడో టికెట్టు, మీటింగ్ రూముకు వచ్చే విజిటర్ల పేర్లు, ఒక లా ఫర్మ్ పేరు, శనివారం సాయంత్రం సీఎఫ్‌ఓతో గంటన్నర కాల్. వీటిలో ఒక్కోటీ విడిగా చూస్తే ఏమీ లేదు, పక్కపక్కన పెడితే ఏం జరగబోతోందో తెలివైనవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అందుకే డీల్‌కు (కొనుగోలు, విలీనం లాంటిది) ఒక కోడ్ పేరు పెట్టుకుంటారు, ఇన్వైట్‌ను ప్రైవేట్ చేసి సబ్జెక్ట్‌లో ఆ పేరే రాస్తాం, ట్రావెల్ డెస్క్‌కూ డ్రైవర్‌కూ అవసరమైనంత వరకే చెప్తాం. ఇంట్లో భోజనాల దగ్గర "మీ సార్ ఏ ఊరెళ్లారు?" అని మామూలుగా అడిగినా నేను మాట మార్చేస్తాను. ఈ అలవాటు మీకు కష్టమనిపిస్తే ఇంకో ఉద్యోగం చూసుకోండి, నిజంగానే చెప్తున్నా.

అపోహ: బాస్ పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు ఈఏ దగ్గరే ఉంటాయి.

ఉండకూడదు. మెయిలూ క్యాలెండరూ డెలిగేట్ యాక్సెస్‌తో (బాస్ మనకు ఇచ్చే అనుమతితో) మన సొంత లాగిన్ నుంచే చూస్తాం. ఖర్చుల బిల్లులు మనం ఎక్కించవచ్చు, అప్రూవ్ మాత్రం ఆయనే నొక్కాలి. "నువ్వే నొక్కెయ్" అని ఏ బిజీ రోజో అంటారు, "సార్, లింక్ పంపాను, ఒక్క నిమిషం" అని ఓపిగ్గా తిరిగి ఆయన దగ్గరికే పంపాలి. లండన్‌లో గోల్డ్‌మన్ శాక్స్‌లో పనిచేసిన ఒక పర్సనల్ అసిస్టెంట్ బాస్‌ల సొంత ఖాతాల నుంచి 40 లక్షల పౌండ్లకు పైగా కాజేసి 2004లో ఏడేళ్ల జైలు శిక్ష పొందారు. బాస్ ఇంటి చెక్కులు, సొంత ఖాతాల లావాదేవీలు మన చేతుల్లోకి రాకపోవడం మనకే మంచిది, రేపు ఏదైనా తేడా వస్తే మొదటి అనుమానం మన మీదే.

బాస్ పనులు ఈఏ చేతుల మీదుగా నడుస్తాయని మోసగాళ్లకూ తెలుసు. ఎండీ ఫొటో డీపీగా పెట్టి "మీటింగ్‌లో ఉన్నా, ఫోన్ చెయ్యకు, అర్జెంటుగా ఈ పేమెంట్ చేయించు" అని వాట్సాప్ మెసేజ్ వస్తుంది. ఫోన్ చెయ్యకు అని ఉంటే తప్పకుండా చెయ్యండి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే చెయ్యండి. ఆయన విసుక్కున్నా పర్వాలేదు.

అపోహ: ఇది ఆడవాళ్ల ఉద్యోగం.

నేను మగవాణ్ణి. పెళ్లి సంబంధాలప్పుడు ఈ మాట నాకూ ఎదురైంది, పని మాత్రం ఎవరు చేసినా ఒకటే.

అపోహ: ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగాల పరీక్ష) రాయాలి, లేదా షార్ట్‌హ్యాండ్ రావాలి.

ప్రభుత్వ బ్యాంకుల్లో పెద్దల పేషీలో ఉండేది ఎక్కువగా ఆ బ్యాంకు అధికారులే, కొన్నేళ్లు చేసి మళ్లీ బ్రాంచికో జోనల్ ఆఫీసుకో వెళ్లిపోతారు. కాబట్టి అక్కడికి దారి పరీక్షే. ప్రైవేటు, విదేశీ బ్యాంకులు నేరుగా తీసుకుంటాయి, ఏ డిగ్రీ అయినా చూస్తారు. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లోయర్, హయ్యర్ పాసైనవాళ్లకు, పాలిటెక్నిక్‌లో కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ డిప్లొమా చేసినవాళ్లకు వేగం ఉంటుంది, అది పనికొస్తుంది. షార్ట్‌హ్యాండ్ నన్ను ఎవరూ అడగలేదు. ఎక్సెల్, తప్పుల్లేని ఇంగ్లీషు మెయిల్, బ్యాలెన్స్ షీట్ చూసి ఎన్‌పీఏ (మొండి బాకీలు) ఎక్కడుందో చెప్పగలిగినంత జ్ఞానం ఉంటే ముందుంటారు. ఇక్కడి నుంచి బిజినెస్ మేనేజర్లుగా, చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా వెళ్లినవాళ్లు ఉన్నారు, అందరికీ ఆ అవకాశం రాదు.

ఇంటర్వ్యూకి వెళ్తే ఒక ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి: "మీ బాస్ ఎక్కడున్నారని ఇంకో పెద్దాఫీసర్ గట్టిగా అడిగితే ఏం చెప్తారు?" ఇద్దరు ఎండీల దగ్గర చేసిన అనుభవంతో నేను చెప్పేది ఇదే: "ప్రస్తుతం అందుబాటులో లేరు సార్, మీకు ఎప్పటిలోగా కావాలో చెప్పండి, ఆలోపు మాట్లాడించే ప్రయత్నం చేస్తాను." ఊరి పేరు ఎంత ఒత్తిడి చేసినా చెప్పకండి, అబద్ధం కూడా ఆడకండి.