పిలియన్ బ్యాక్‌రెస్ట్ మార్పులు: అపోహలు - వాస్తవాలు

బైకు మీద దూరప్రయాణంలో వెనక కూర్చున్నవారికి (పిలియన్‌కి) నడుం పట్టేస్తోందంటే, చాలామంది ముందుగా వీపు ఆనించే బ్యాక్‌రెస్ట్ ప్యాడ్ మీద ఇంకో పొర ఫోమ్ వేయిస్తారు. కానీ అసలు ఇబ్బంది ఎక్కువసార్లు మెత్తదనం చాలక రాదు. ప్యాడ్ ఉండాల్సిన చోట లేక వస్తుంది.

అపోహ: ప్యాడ్ మందంగా, మెత్తగా ఉంటే చాలు.

వాస్తవం: మందం పెంచితే ప్యాడ్ ముందుకొచ్చి, వెనకవారిని నడిపేవారి వీపు మీదకి నెడుతుంది. సీటు మీద మిగిలే చోటు తగ్గిపోతుంది. ఫోమ్‌కి కోత పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి ఇద్దరూ హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా కూర్చోవాలి. వెనకవారి నడుం వంపుకీ ప్యాడ్‌కీ మధ్య అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా దూరిపోతే అక్కడ ఆధారం లేనట్టే. ఒక తువ్వాలు చుట్టచుట్టి, ఆ ఖాళీలో టేపుతో కట్టి, గంటసేపు తిరిగి రండి. తువ్వాలుని కొంచెం పైకీ కిందకీ జరిపి, ఏ ఎత్తులో హాయిగా ఉందో అక్కడ మాస్కింగ్ టేపుతో గీత పెట్టుకోండి. ఫోమ్ కోయడానికి అదే కొలత.

జాకెట్ వేసుకోకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది. అందులోని వెన్ను ప్రొటెక్టర్ (వీపుని కాపాడే పలక) ఒక్కటే రెండు సెంటీమీటర్ల దాకా మందం ఉండొచ్చు. అది గట్టి ప్యాడ్‌కి ఆనితే ఒత్తిడంతా వెన్నుపూస మీదే పడుతుంది. ప్యాడ్ మధ్యలో పైనుంచి కిందకి ఒక లోతు తక్కువ గాడి తీస్తే ఆ భారం రెండు పక్కలకీ పంచుకుంటుంది.

అపోహ: బ్యాక్‌రెస్ట్ ఎత్తు ఎంత ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఆధారం కావాల్సింది నడుముకి. ప్యాడ్ పైఅంచు రెక్క ఎముకల కింద ఆగిపోతే చాలు. అంతకన్నా పైకి వెళితే భుజాలు ముందుకి వంగుతాయి, మరీ ఎత్తైతే హెల్మెట్ వెనక భాగం తగులుతుంది. ఎక్కేటప్పుడు కాలు తిప్పడమూ కష్టమవుతుంది.

కింది అంచు సంగతి ఎవరూ పట్టించుకోరు. ప్యాడ్ సీటుని తాకేదాకా దిగితే పిరుదులు వెనక్కి జరగడానికి చోటుండదు, మనిషి ముందుకే జారుతూ ఉంటాడు. సీటుకి పైన 8 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. వెనక్కి వంపు 10-15 డిగ్రీలు దాటనివ్వకండి. మరీ వాలిస్తే బ్రేకు వేసిన ప్రతిసారీ తుంటి ముందుకి జారుతుంది. సీటే ముందుకి వాలి ఉంటే మాత్రం ఏ బ్యాక్‌రెస్టూ ఆపలేదు, ముందు సీటు సరిచేయాలి.

అపోహ: డెన్సిటీ ఎక్కువంటే గట్టి ఫోమ్.

వాస్తవం: డెన్సిటీ అంటే ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలన్నది. అది మన్నిక గురించి చెబుతుంది, గట్టిదనం వేరే కొలత. కొనేటప్పుడు రెండూ అడగండి. మాకు నమ్మకమైన కూర్పు ఇది: 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, దాని మీద 20-25 మిల్లీమీటర్ల గట్టి క్లోజ్డ్ సెల్ (నీరు పీల్చని) ఫోమ్, పైన 15-20 మిల్లీమీటర్ల మధ్యరకం ఫోమ్. మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి ఒదిగేది) చలిలో బిగుసుకుంటుంది, ఎండలో చతికిలబడుతుంది. వాడాలనుకుంటే పైన పల్చటి పొరగా మాత్రమే వాడండి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ రెక్సిన్ వేస్తే తడవదు.

వాస్తవం: రెక్సిన్ తడవదు, కుట్లు తడుస్తాయి. సూది పొడిచిన ప్రతి రంధ్రం నీటికి దారే. ఫోమ్ మీద పల్చటి పాలిథిన్ షీటు పరిచి, లోపల చేరిన నీరు కారిపోడానికి పలక కింది అంచున రెండు చిన్న రంధ్రాలు చేయండి. కుట్లు ఒళ్లు తగిలే చోట రాకుండా పక్కలకి తీసుకెళ్లండి. రెక్సిన్‌ని పలకకి బిగించే స్టేపుల్స్ 6 మిల్లీమీటర్లవి, తుప్పు పట్టనివి కావాలి. పొడుగువైతే పలకని దాటి ఫోమ్‌లోకి దిగుతాయి. ముందు పైఅంచు మధ్యలో, తర్వాత కింద మధ్యలో, ఆపై పక్కల్లో కొట్టండి, మూలలు ఆఖరున. మూలల నుంచి మొదలుపెడితే ముడతలు ఎక్కడా పోవు.

అపోహ: ప్యాడ్‌ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్ కుదరకపోతే ఫ్రేముకి రంధ్రం చేయొచ్చు, వెల్డింగ్ పెట్టొచ్చు.

వాస్తవం: చేయొద్దు. వెల్డింగ్ వేడికి పైపు గుణం మారుతుంది. పోత అల్యూమినియం పట్టీకి రంధ్రం పెడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఉన్న బోల్టు చోట్లనే వాడుకుని, ప్యాడ్‌ని ముందుకి జరపాలంటే 20-30 మిల్లీమీటర్ల స్పేసర్లు (మధ్యలో ఎడం కోసం పెట్టే గొట్టం ముక్కలు) పెట్టండి, వాటికి తగ్గట్టు పొడుగు బోల్టులు వేయండి. కొత్త బ్రాకెట్ కోయిస్తే రంధ్రాలు గుండ్రంగా కాక పొడవాటి గాడుల్లా ఉండాలి, ఎత్తు సర్దుకోవచ్చు. ఎం8 (8 మిల్లీమీటర్ల మందం), 8.8 గ్రేడు బోల్టు ఉక్కు మీద 25 న్యూటన్ మీటర్ల బిగింపు (టార్క్) దగ్గర బిగుస్తుంది, కానీ బండి మాన్యువల్ చెప్పిన అంకెకే మొదటి మాట. నైలాన్ రింగు ఉన్న నట్టు గానీ, మరలు వదులవకుండా పూసే నీలం థ్రెడ్‌లాకర్ జిగురు గానీ తప్పనిసరి. నట్టు మీద నుంచి బ్రాకెట్ దాకా పెయింటు గీత గీసి, 100 కిలోమీటర్ల తర్వాత చూడండి. గీత విరిగితే నట్టు కదిలినట్టు.

అపోహ: టాప్ బాక్సుకి (బండి వెనక బిగించే సామాను పెట్టెకి) ప్యాడ్ అంటిస్తే అదే బ్యాక్‌రెస్ట్.

వాస్తవం: కొన్ని బాక్సులకి తయారీదారే ప్యాడ్ ఇస్తాడు, అవి సరే. మామూలు బాక్సు ప్లేటు మాత్రం పైనుంచి పడే సామాను బరువుకి చేసింది, దాని పరిమితి చాలావాటికి 5-10 కిలోలే. మనిషి వెనక్కి వాలితే బలం పక్కనుంచి పడి తాళం పట్టు వదులవుతుంది. బాక్సుని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. టకటకమంటే దాని మీద వాలనివ్వకండి.