కీ మీద చేయి వేసే ముందు: మోర్స్ సంభాషణలపై అపోహలు – వాస్తవాలు

హామ్ రేడియోలోకి (లైసెన్సు తీసుకుని అభిరుచి కోసం నడిపే రేడియో) కొత్తగా వచ్చి మోర్స్ (డాట్ అనే చిన్న శబ్దం, డాష్ అనే పొడవు శబ్దంతో అక్షరాలు పంపే సంకేత భాష) నేర్చుకునేవారు నన్ను ఎక్కువగా అడిగేది వేగం గురించే. వినడం గురించి అడిగేవారు అరుదు. బ్యాండ్‌లో (హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పరిధి) జరిగే గొడవల్లో చాలావాటికి మూలం మాత్రం సరిగా వినకపోవడమే.

అపోహ: టెలిగ్రాంతోపాటే మోర్స్ కూడా పోయింది.

మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిన మాట నిజమే. హామ్ లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధన అంతకు పదేళ్ల ముందే, 2003 ప్రపంచ రేడియో సమావేశంలో తొలగిపోయింది. అయినా ఏ రాత్రయినా 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మొదటి భాగంలో డయల్ తిప్పి చూడండి, ఎవరో ఒకరు పలుకుతూనే ఉంటారు. గొంతుతో మాట్లాడితే సుమారు 2,500 హెర్ట్జ్ చోటు కావాలి. మోర్స్‌కు 150 చాలు. శక్తి అంతా ఆ ఇరుకు చోటులోనే ఉంటుంది కనుక, 5 వాట్లతో ఖండాలు దాటినవారు కోకొల్లలు.

అపోహ: ఎవరూ వినిపించకపోతే ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీ.

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. 14 మెగాహెర్ట్జ్‌లో హైదరాబాద్ హామ్‌కు విజయవాడ స్టేషన్ సాధారణంగా వినపడదు. నేల వెంట వచ్చే తరంగం అంత దూరం రాలేదు, అయనావరణాన్ని (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) తాకి తిరిగి వచ్చే తరంగం మనల్ని దాటి ఎక్కడో దూరాన దిగుతుంది. ఆ విజయవాడ హామ్ జపాన్‌తో మాట్లాడుతున్నాడనుకోండి. అతని వంతు నడుస్తున్నంతసేపూ మనకు నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి సీక్యూ (‘ఎవరైనా పలకండి’ అనే పిలుపు) పిలిస్తే, జపాన్‌లో వింటున్నవారి చెవిలో మన సిగ్నల్ వెళ్లి పడుతుంది.

అందుకే ముందు కాసేపు వినాలి. తర్వాత ‘క్యూఆర్‌ఎల్?’ (ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?) అని అడిగి కొన్ని సెకన్లు ఆగాలి, మరోసారి అడగాలి. ‘ఆర్’ అనో ‘సి’ అనో ఒక్క అక్షరం వినిపించినా అక్కడ ఎవరో ఉన్నట్టే, మారు మాట్లాడకుండా పక్కకు జరగాలి. ప్రశ్న అడిగిన మరుక్షణమే సీక్యూ మొదలుపెట్టేవారూ ఉన్నారు. అలాంటప్పుడు అడగడం దేనికో నాకు అర్థం కాదు.

అపోహ: ఎంత వేగంగా పంపితే అంత మంచి ఆపరేటర్.

మోర్స్‌కు ఆయువుపట్టు ఖాళీలు. డాట్ ఒక ప్రమాణమైతే డాష్ మూడు. ఒకే అక్షరంలోని గుర్తుల మధ్య ఒకటి, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు ప్రమాణాల విరామం ఉండాలి. నిమిషానికి 20 పదాల వేగంలో డాట్ నిడివి 60 మిల్లీసెకన్లు. ఆ వేగంలో అక్షరాల మధ్య విరామాన్ని మింగేస్తే ‘ఇ’, ‘టి’ రెండూ కలిసి ‘ఏ’ అయిపోతాయి. కాల్‌సైన్‌లో (స్టేషన్‌ను గుర్తించే అక్షరాలు, అంకెలు) ఇలా జరిగితే మీరు మరొకరైపోతారు.

వేగానికి మర్యాద ఒక్కటే. పిలిచినవారి వేగానికి మించి జవాబు ఇవ్వకూడదు. వారు నిమిషానికి 12 పదాలు పంపుతుంటే మనమూ 12కే దిగాలి. మీకు అందకపోతే ‘క్యూఆర్‌ఎస్’ (నెమ్మదిగా పంపండి) అనండి, అందులో చిన్నతనమేమీ లేదు. అలా అడిగాక కూడా తగ్గనివారితో సంభాషణ ముగించి వెళ్లిపోవచ్చు, నేనైతే వెళ్లిపోతాను.

అపోహ: అందరికీ 599 ఇవ్వడం మర్యాద.

599 అంటే సిగ్నల్ స్పష్టత, బలం, స్వరం మూడూ అత్యుత్తమంగా ఉన్నాయని చెప్పే రిపోర్టు. పోటీల్లో అది లాంఛనం. అక్కడ తొమ్మిదికి బదులు ‘ఎన్’ కొట్టి సమయం మిగుల్చుకుంటారు. మామూలు సంభాషణలో మాత్రం నిజమే చెప్పాలి. సిగ్నల్ తేలిపోతుంటే 339 అనండి. అప్పుడు అవతలివారు పేరు, ఊరు రెండేసిసార్లు పంపుతారు. 599 ఇచ్చి, వెంటనే ‘పేరు మళ్లీ చెప్పండి’ అని అడిగితే ఇచ్చిన రిపోర్టుకు అర్థం లేదు.

అపోహ: ‘కే’ అయినా ‘కేఎన్’ అయినా ఒకటే.

కాదు. మన మాట ముగించి అవతలివారికి వంతు ఇచ్చేటప్పుడు పంపే గుర్తులివి. ‘కే’ అంటే ఎవరైనా రావచ్చు. ‘కేఎన్’ అంటే నేను పిలిచినవారు మాత్రమే పలకాలి. సీక్యూ చివర ‘కేఎన్’ పెడితే తలుపు మూసి అతిథులను పిలిచినట్టే.

అపోహ: అరుదైన స్టేషన్ దొరకాలంటే ఆపకుండా పిలవాలి.

వీయూ4తో మొదలయ్యే అండమాన్ కాల్‌సైన్, వీయూ7తో మొదలయ్యే లక్షద్వీప్ కాల్‌సైన్ వినిపిస్తే ప్రపంచమంతా ఎగబడుతుంది. అలాంటి స్టేషన్ ‘అప్’ అని పంపితే, తాను పంపే చోట కాకుండా కాస్త పైన, మోర్స్‌లో అయితే తరచూ ఒక కిలోహెర్ట్జ్ పైనుంచి వింటోందని అర్థం. అది వినకుండా అదే ఫ్రీక్వెన్సీలో కాల్‌సైన్ దంచేవారు తమకూ దక్కనివ్వరు, ఇతరులకూ దక్కనివ్వరు. పూర్తి కాల్‌సైన్ ఒకసారి పంపి ఆగండి. ఆ స్టేషన్ ఎవరికి, ఎక్కడ జవాబిచ్చిందో వింటే తర్వాత ఎక్కడ పిలవాలో తెలుస్తుంది.

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఇలాంటి ప్రసారాలే చేస్తుండగా 26న సునామీ వచ్చింది. అరుదైన కాల్‌సైన్ కోసం నడుస్తున్న స్టేషన్ అత్యవసర సమాచారం చేరవేసే స్టేషన్‌గా మారింది. అటువంటి వేళ వినకుండా పిలిచేవారు అడ్డుపడేది తోటి హామ్‌లకు మాత్రమే కాదు.

అపోహ: కంప్యూటర్ చదివి పెడుతుంది, చెవి అక్కర్లేదు.

యంత్రం పంపిన శుభ్రమైన మోర్స్‌ను కంప్యూటర్ బాగానే చదువుతుంది. స్ట్రెయిట్ కీతో చేత్తో పంపినది, తేలిపోయే సిగ్నల్, పక్కనే మరో స్టేషన్ ఉంటే మాత్రం తెరపై పిచ్చి అక్షరాలు రాలుతాయి. చెవికి సాధన చేయించాలంటే మొదటి రోజు నుంచే ఒక్కో అక్షరాన్ని 18–20 పదాల వేగంలోనే వినండి, అక్షరాల మధ్య విరామాన్ని మాత్రం పెంచుకోండి. డాట్లు, డాష్‌లు లెక్కపెట్టే అలవాటు పడితే తర్వాత వదిలించుకోవడం కష్టం.