చంద్రగిరి అంతా కృష్ణదేవరాయలదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డు మీద సుమారు పదిహేను కిలోమీటర్లు వెళితే వచ్చే చంద్రగిరి ఒకప్పుడు విజయనగర సామ్రాజ్యానికి రాజధాని. శ్రీవారి దర్శనం ముగించుకొని, తిరుగు రైలుకు ఇంకా సమయం మిగిలినప్పుడు అక్కడికి వచ్చే యాత్రికులకు కోటను చూపించి చరిత్ర చెప్పడం నా వృత్తి. వచ్చేవారిలో ఎక్కువమంది ఒక కథను ముందుగానే మనసులో పెట్టుకొని వస్తారు. ఆ కథలో ప్రతి గోడనూ కట్టించినవాడు, ప్రతి మెట్టునూ ఎక్కినవాడు శ్రీకృష్ణదేవరాయలే. రాయలవారి మీద తెలుగువారికున్న అభిమానాన్ని ఎవరూ తప్పుపట్టలేరు కానీ, ఆ అభిమానం చాటున చంద్రగిరిని నిజంగా రాజధానిగా చేసుకొన్న ప్రభువు పేరు మరుగున పడిపోయింది. కోటలో నేను తరచుగా వినే మాటలలో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కృష్ణదేవరాయలు చంద్రగిరి నుంచి పరిపాలించాడు, రాజమహల్ ఆయన కట్టించినదే.

రాయలు 1509 నుంచి 1529 వరకు హంపీ విజయనగరం నుంచే పరిపాలించాడు. ఆయన కాలంలో చంద్రగిరి రాజధాని కాదు. చంద్రగిరి రాజ్యం అనే పేరుతో సామ్రాజ్యంలో ఒక రాష్ట్రానికి కేంద్రం. అంతకు ముందు తరంలో సాళువ నరసింహుడు ఇక్కడ బలం కూడగట్టుకొని 1485లో ఏకంగా విజయనగర సింహాసనాన్నే అధిష్ఠించాడు కనుక, చంద్రగిరిని ఏలినవాడు ఎంతటివాడు కాగలడో ఆ తరువాతి రాజులకు బాగా తెలుసు. బహుశా అందువల్లనే కావచ్చు, కృష్ణదేవరాయలకు ఈ కోటతో ఉన్న సంబంధం మన యాత్రికులు ఊహించుకొనే తీరులో లేదు. 1530ల ప్రాంతంలో విజయనగరంలో ఉండి వృత్తాంతం రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ చెప్పిన ప్రకారం, రాయలు సింహాసనం ఎక్కగానే తన అన్నకొడుకును, ముగ్గురు సోదరులను చంద్రగిరి కోటకు పంపించి అక్కడే నిర్బంధంలో ఉంచాడు. ఆ సోదరులలో ఒకడైన అచ్యుతరాయలే 1529లో ఆయన తరువాత రాజయ్యాడు. అంటే రాయలవారి చంద్రగిరి, విడిదిగా కంటే సింహాసనానికి పోటీ రాగల దాయాదులను కనిపెట్టి ఉంచే చోటుగానే మనకు ఆ వృత్తాంతంలో కనబడుతుంది. ఈ మాట చెప్పినప్పుడు కొందరు నొచ్చుకొంటారు. అయినా చెప్పక తప్పదు.

రాయలవారు ఈ ప్రాంతానికి రాలేదని దీని అర్థం కాదు. 1513 నుంచి 1521 వరకు ఆయన ఏడుమార్లు తిరుమల వచ్చినట్లు శాసనాలు ఉన్నాయి; ఆనందనిలయ విమానానికి బంగారు పూత పూయించినది 1518లో. ఆయన భక్తికి సాక్ష్యాలు కొండమీద కావలసినన్ని ఉన్నాయి, వాటిని తెచ్చి చంద్రగిరి గోడలకు అంటించనవసరం లేదు.

చంద్రగిరిని రాజధానిగా చేసినవాడు ఆరవీటి వంశానికి చెందిన రెండవ వేంకటపతిరాయలు. 1565 తళ్లికోట యుద్ధం తరువాత హంపీ పాడుపడగా రాజధాని పెనుకొండకు మారింది. 1586లో రాజైన వేంకటపతిరాయలు గోల్కొండ ఒత్తిడికి దూరంగా, సుమారు 1592లో, దానిని చంద్రగిరికి తరలించాడు. మూడంతస్తుల రాజమహల్‌ను దాని నిర్మాణ శైలిని బట్టి ఎక్కువమంది చరిత్రకారులు ఈ ఆరవీటి కాలానికే చేరుస్తారు. విజయనగర ప్రభువుల దానశాసనాలలో చివర కనిపించే చేవ్రాలు తరతరాలుగా 'శ్రీ విరూపాక్ష' అయి ఉండగా, వేంకటపతిరాయల కాలానికి అది 'శ్రీ వేంకటేశ' అయింది. ఆయన వేయించిన బంగారు నాణెం మీద వేంకటేశ్వరుని రూపం, వెనుకవైపు 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అన్న అక్షరాలు ఉంటాయి. తుంగభద్ర ఒడ్డున విరూపాక్షుని పేర మొదలైన రాజ్యం శేషాచలం పాదాల దగ్గరకు ఎలా చేరిందో ఆ చిన్న నాణెం ఒక్కటే చెబుతుంది.

అపోహ: చంద్రగిరి కొన్ని వందల సంవత్సరాలు రాజధానిగా ఉంది.

కోటకు ఆ వయస్సు ఉంది, రాజధాని హోదాకు లేదు. కోటను సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇమ్మడి నరసింగ యాదవరాయలు కట్టించాడని సంప్రదాయం చెబుతుంది. 1367లో ఇది విజయనగర ఏలుబడిలోకి వచ్చింది. రాజధానిగా వెలిగిన కాలం మాత్రం కొద్ది దశాబ్దాలే, అందులోనూ వేంకటపతిరాయల చివరి సంవత్సరాలకే కొలువు వేలూరు వైపు జరిగిపోయింది. 1646లో గోల్కొండ సేనలు కోటను పట్టుకొన్నాయి. 1758 నాటికి ఆర్కాటు నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చేతిలో ఉన్న ఈ కోటను 1782లో హైదర్ అలీ వశపరచుకొన్నాడు.

అపోహ: కమానులు ఉన్నాయి కనుక ఈ మహళ్లను నవాబులు కట్టించి ఉంటారు.

ఇది మొదటి అపోహకు సరిగ్గా ఎదురు. రాయలవారి పేరు వినని వారు, ముఖ్యంగా ఉత్తరాది నుంచి వచ్చినవారు, రాజమహల్ ముందు నిలబడగానే ఈ మాట అంటారు. కూచిగా పైకి లేచిన కమానుల వరుసలను మాత్రమే చూస్తే అలా అనిపించడం సహజమే. కానీ హంపీలోని కమల మహల్, గజశాల చూసినవారికి ఈ కమానులు కొత్తవి కావు. బహమనీ సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే విజయనగర ప్రభువులు తమ మహళ్లకు వారి కమానులను, గుమ్మటాలను ధారాళంగా తీసుకొన్నారు. గుడికి మాత్రం ఆ పద్ధతిని రానివ్వలేదు. రాజమహల్‌ను కాస్త దూరంగా జరిగి చూడమని నేను ప్రతివారినీ కోరతాను. కింద కమానులు సుల్తానుల పద్ధతిలో ఉండగా, పైకప్పు మీద లేచిన శిఖరాలు గుడి విమానాల మాదిరిగా మెట్లుమెట్లుగా సన్నబడతాయి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టి పైన గచ్చు పూసిన నిర్మాణం అది. గచ్చు రాలిన చోట చేయి పెట్టి చూస్తే పలుచని ఇటుకల మధ్య సున్నం పొరలు వేళ్లకు తగులుతాయి. నాలుగు వందల ఏళ్ల నాటి ఆ పనితనానికి సాక్ష్యం పైపూత కంటే ఆ అతుకులలోనే ఎక్కువగా ఉంది.

అపోహ: రాణిమహల్ రాణుల అంతఃపురం.

ఆ పేరు వాడుకలో వచ్చినదే. రెండంతస్తుల ఆ కట్టడంలో కింది భాగం కమానుల మీద నిలిచి బయటికి తెరచుకొని ఉండడం వల్ల అది గుర్రాలకు గానీ, దళనాయకుని నివాసానికి గానీ ఉద్దేశించినదని భావించేవారు ఉన్నారు. రాణుల గాజుల చప్పుడు గురించి చెప్పే కథలను ఆ మేరకు తగ్గించుకొని వినడం మంచిది.

అపోహ: కోట నుంచి తిరుమలకు సొరంగ మార్గం ఉంది, తిరుమలలో గంట మోగిన తరువాతనే ఇక్కడ రాజు భోజనం చేసేవాడు.

ఈ రెండు కథలూ జంటగా వస్తాయి కానీ, రెండింటికీ ఒకే విలువ ఇవ్వడానికి వీలులేదు. సొరంగం సంగతి తేలికగా తేలిపోతుంది. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్ అనే అతి కఠినమైన రాయి, దాని అడుగున ఉన్నది గ్రానైటు. ఆ రెండు పొరలూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కన బయటపడి ఉండగా దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. అటువంటి రాతిలో, గాలి ఆడే ఏర్పాటు లేకుండా, కిలోమీటర్ల పొడవున మనుషులు నడిచే సొరంగం ఉలితో సుత్తితో తొలవడం జరిగే పని కాదు. పైగా దాని అవసరమూ లేదు. చంద్రగిరి వైపు నుంచి కొండకు దగ్గరి దారి శ్రీవారి మెట్టు. 2,388 మెట్లు ఎక్కితే కొండమీద ఉంటారు. అలిపిరి దారిలో మెట్లు 3,550. ఇంత దగ్గరి దారి కళ్లెదుట ఉండగా రాజు చీకటిలో ఎందుకు పోతాడు?

సొరంగం కథ ఊరికే పోతే ఇంత చెప్పనవసరం లేదు. దాని వెంటే గుప్తనిధుల ఆశ వస్తుంది, నిధుల వెంట గడ్డపారలు వస్తాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే చట్టం ఉంది. కట్టడానికి చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణమే నిషిద్ధం.

గంట కథను మాత్రం నేను కొట్టివేయను, ధ్రువపరచను. తిరుమలలో నైవేద్యం కాగానే అక్కడి గంట, దానిని విని దారి పొడవునా మండపాలలోని గంటలు వరుసగా మోగేవని, చివరి గంట వినబడ్డాక రాజు విస్తరి ముందు కూర్చొనేవాడని చెబుతారు. అయితే తమిళనాడులో తిరుచెందూరు మురుగన్ ఆలయానికి, పాంచాలంకురిచ్చిని ఏలిన కట్టబొమ్మనకు మధ్య కూడా అచ్చంగా ఇదే కథ నడుస్తుంది. ఒకే కథ ఇద్దరు రాజులకు అతికినప్పుడు దానిని చరిత్రగా కంటే, భక్తుడైన రాజు ఎలా ఉండాలని ప్రజలు కోరుకొన్నారో చెప్పే ఆనవాలుగా తీసుకోవడం న్యాయం. నేను కథను పూర్తిగా చెప్పి, చివర కట్టబొమ్మన సంగతి కలుపుతాను.

అపోహ: చెన్నపట్నానికి పుట్టుక రాజమహల్‌లో జరిగిన సంతకంతోనే.

ఇందులో సగం నిజం ఉంది. 1639 ఆగస్టు 22 తేదీతో ఇంగ్లీషు వర్తకులకు అక్కడ కోట కట్టుకోవడానికి దక్కిన అనుమతి ఇచ్చినవాడు చక్రవర్తి కాదు, ఆయన సామంతుడైన దామెర్ల వేంకటప్ప నాయకుడు. అప్పటి చక్రవర్తి మూడవ వేంకటపతిరాయలు. చంద్రగిరి రాజుగా అందరూ పేర్కొనే మూడవ శ్రీరంగరాయలు 1642లో గానీ సింహాసనం ఎక్కలేదు. ఆయన చేసినది 1645లో ఆ దానాన్ని ధ్రువపరచడం. నాయకుని తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి నిలిచింది. చెన్నై నుంచి వచ్చిన యాత్రికులు దీనిని ఎంతో ఇష్టంగా వింటారు, తేదీలు మాత్రం కలిపేస్తారు.

ఐరోపావారి రాకపోకలకు ఇంతకంటే ముందటి ఘట్టం ఒకటి ఉంది, దానిని అడిగేవారే ఉండరు. 1598లో వేంకటపతిరాయల ఆహ్వానం మీద జెస్యూట్ మతగురువులు చంద్రగిరి వచ్చారు. తరువాతి సంవత్సరాలలో ఆయన కొలువులో ఐరోపా చిత్రకారులు బొమ్మలు గీశారు. వేంకటేశుని పేర చేవ్రాలు చేసే రాజు క్రైస్తవ గురువులను పిలిపించుకొని వారి చిత్రలేఖనం చూసి ముచ్చటపడ్డాడన్న సంగతి, రాయలవారి కథ మధ్యలో ఎక్కడా ఇమడదు.

అపోహ: గంగమ్మ చేతిలో హతుడైన పాలెగాడు చంద్రగిరి రాజు.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో జరుగుతుంది. ఆడవారిని చెరబట్టిన పాలెగాణ్ణి అమ్మవారు వేషాలు మార్చి వెదికి చంపిన కథను వారం రోజులు ఊరు ఊరంతా తన ఒంటిమీద వేసుకొని ఆడుతుంది. బైరాగి వేషం నాడు ఒళ్లంతా తెల్లని నామకొమ్ము, బండ వేషం నాడు ఎర్రని కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గుపొడి. దొర వేషం నాటికి చందనం పూసుకొని నిమ్మకాయల దండలు వేసుకొంటారు. దాక్కొన్న పాలెగాడు తనకంటే పెద్ద దొర వచ్చాడనుకొని బయటికి రావడంతో అమ్మవారు సంహరిస్తుంది. మర్నాటి మాతంగి వేషం మరీ చిత్రమైనది. చంపిన అమ్మవారే వెళ్లి పాలెగాని భార్యను ఓదారుస్తుంది.

ఈ కథలోని దుష్టుణ్ణి చంద్రగిరి సింహాసనం మీద కూర్చోబెట్టడం టూరిస్టు బస్సులలో పుట్టిన అతుకు. కథలో అమ్మవారి పుట్టినిల్లు తిరుపతి పక్కనున్న అవిలాల; జాతరకు సారె నేటికీ అక్కడి నుంచే వస్తుంది. పాలెగాళ్లు చక్రవర్తులు కారు, చిన్న చిన్న పాళేలను ఏలిన స్థానిక అధిపతులు. కేంద్రంలో రాజ్యం బలహీనపడ్డాక వారి దౌర్జన్యం పెరిగింది. జాతర కథలో చంద్రగిరి రాజు లేడు; రాజధాని పడిపోయిన తరువాత ఊళ్లు పడిన బాధ ఆ కథలో ఉండి ఉండవచ్చునని నా అభిప్రాయం.

అపోహ: చంద్రగిరిలో చూడవలసినది రెండు మహళ్లే, గంట చాలు.

రాజధాని అంటే రెండు భవనాలు కాదు. కోట ఆవరణలోనే శిథిలమైన గుళ్లు ఎనిమిది ఉన్నాయి. ఊళ్లో కోదండరామాలయం, మూలస్థాన ఎల్లమ్మ గుడి ఉన్నాయి. తిరుపతి నుంచి వచ్చే దారిలో తొండవాడ దగ్గర భీమా, కల్యాణి నదులు స్వర్ణముఖిలో కలిసే చోట అగస్త్యేశ్వరాలయం ఉంది. శ్రీనివాసమంగాపురంలో పెళ్లి కావలసినవారు కంకణాలు కట్టించుకొని వెనుదిరుగుతారు కానీ, పాడుపడిన ఆ గుడిని 1540లో అన్నమాచార్యుని మనుమడు చినతిరుమలాచార్యులు ఉద్ధరించినట్లు శాసనం ఉన్నదని వారికి ఎవరూ చెప్పరు.

వేంకటపతిరాయలను చూడదలచినవారు మాత్రం తిరుమల మహాద్వారం దాటగానే ఒక్కసారి తలతిప్పాలి. కుడివైపు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల రాగి విగ్రహాలను కొందరైనా గుర్తుపడతారు. ఎడమవైపు ఉన్న రాగి విగ్రహం వేంకటపతిరాయలది. ఆయన పక్కన నల్లరాతిలో ఉన్నవారు అచ్యుతరాయలు, ఆయన రాణి వరదాజి. ఒకప్పుడు చంద్రగిరిలో నిర్బంధంలో ఉన్నవాడు, చంద్రగిరిని రాజధాని చేసినవాడు ఒకే వరుసలో ఉన్నారు, క్యూ తోపులాటలో ఎవరి కంటా పడకుండా.

ఇక చంద్రగిరికి బయలుదేరేవారు శుక్రవారం కాకుండా చూసుకోవాలి. ఆ రోజు రాజమహల్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు సెలవు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఉన్నదో లేదో ముందుగా కనుక్కోవడం మంచిది. పైకోట ఎక్కాలనుకొనేవారు కింద కావలివారిని అడిగి, ఎండ ముదరక ముందే బయలుదేరి, నీళ్లు వెంట తీసుకొని వెళ్లాలి.