లచ్చమ్మ తప్పు పేరు కాదు: ‘లక్ష్మి’ చుట్టూ అపోహలు - వాస్తవాలు

పేర్ల చరిత్ర చదవడం, చెప్పడం నా పని. తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది లక్ష్మి గురించే. అడగాల్సిన పేరే అది. విడిగా లక్ష్మి ఉంది, లక్ష్మీప్రసన్న ఉంది, వరలక్ష్మి, విజయలక్ష్మి, భాగ్యలక్ష్మి ఉన్నారు, ఊళ్లో లచ్చమ్మలు ఉన్నారు. ఇన్ని రూపాలున్న పేరు చుట్టూ అపోహలూ అన్నే పెరిగాయి. ఎక్కువగా వినబడేవి ఇక్కడ చెబుతాను.

అపోహ: లక్ష్మి అంటే డబ్బు. ‘లక్ష’ అనే అంకె నుంచే ఈ పేరు వచ్చింది.

వాస్తవం: రెండు మాటలకూ మూలం ‘లక్ష్’ అనే ధాతువే. కానీ అంకె నుంచి పేరు పుట్టలేదు. ఆ ధాతువుకు గుర్తించడం, గుర్తు పెట్టడం అని అర్థం. లక్షణం, లక్ష్యం కూడా అక్కడివే. యజుర్వేదం సంఖ్యల వరుసలో మనం లక్ష అనే చోట ‘నియుతం’ అని ఉంటుంది. లక్ష అంకెగా వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. లక్ష్మి అనే మాట మాత్రం ఋగ్వేదంలోనే ఉంది.

అది పదో మండలం 71వ సూక్తం. జల్లెడలో పిండిని జల్లించినట్టు ధీరులు మనసుతో మాటను జల్లించి పలికే చోట స్నేహితులు స్నేహాన్ని గుర్తుపడతారట, వాళ్ల మాటలో ‘భద్రా లక్ష్మీః’ ఉంటుందట. అక్కడ బంగారమూ లేదు, తామరపువ్వులో కూర్చున్న దేవతా లేదు. శుభమైన గుర్తు అని మాత్రమే అర్థం. అథర్వవేదానికి వస్తే ఇంకా ఆశ్చర్యం. మనిషి పుట్టుకతోనే నూటొక్క లక్ష్ములు వెంట వస్తాయని, అందులో చెడ్డవాటిని ‘పాపి లక్ష్మీ, ఇక్కణ్ణుంచి ఎగిరిపో’ అని తరిమేస్తారని ఉంటుంది. అంటే ఆ రోజుల్లో లక్ష్మి మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. చెడ్డ అర్థం రాలిపోయి శోభ, సంపద, విష్ణుపత్ని అనే అర్థాలు నిలబడింది తర్వాతి కాలంలో. కాళిదాసు శాకుంతలంలో ‘మలినమపి హిమాంశోర్లక్ష్మ లక్ష్మీం తనోతి’ అన్నాడు. చంద్రుడి మీది మచ్చ నల్లనిదైనా అతడి అందాన్నే పెంచుతుందని. మచ్చకు ‘లక్ష్మ’, అందానికి ‘లక్ష్మి’. ఈ పేరు చరిత్ర మొత్తం ఆ ఒక్క పాదంలో కనిపిస్తుంది నాకు.

అపోహ: లచ్చమ్మ, లచ్చవ్వ అనేవి చదువురాని వాళ్లు నోరు తిరగక పాడుచేసిన పేర్లు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇది. సంస్కృతంలోని ‘క్ష’ పాతకాలపు జనభాషలైన ప్రాకృతాల్లో రెండు దారులు పట్టింది. కొన్ని మాటల్లో ‘చ్ఛ’ అయింది, కొన్నిటిలో ‘క్ఖ’ అయింది. లక్ష్మికి ప్రాకృతంలో ‘లచ్ఛీ’ అని, పాళీలో ‘లక్ఖీ’ అని రూపాలున్నాయి. తెలుగులోనూ ఈ రెండు దారులూ కనిపిస్తాయి. భిక్ష బిచ్చం అయింది, లక్ష్మి లచ్చి అయింది. పక్షి పక్కి అయింది, రాక్షసి రక్కసి అయింది. బెంగాలీలు ఈనాటికీ లక్ష్మి అని రాసి ‘లొక్ఖి’ అనే పలుకుతారు. వాళ్లను ఎవరూ నోరు తిరగనివాళ్లు అనడం లేదు కదా! కన్నడంలో 12వ శతాబ్దపు వచనకారిణి ఆయ్దక్కి లక్కమ్మ ఉంది. ఆ లక్కమ్మా మన లచ్చమ్మా అక్కచెల్లెళ్లే.

బళ్లో మనం ‘ప్రకృతి - వికృతి’ అని నేర్చుకోవడం వల్ల కూడా కొంత చెడు జరిగింది. వికృతి అనగానే వికారం అనుకుంటారు. మారిన రూపం అనే దాని భావం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్భవం (సంస్కృత, ప్రాకృతాల నుంచి మారి తెలుగులో కలిసిన మాట) వేరు, గ్రామ్యం (వ్యాకరణం ఒప్పుకోని మాట) వేరు. లచ్చి తద్భవం. పద్యాల్లో దర్జాగా వాడిన మాట. ఇక లచ్చుమమ్మ, లచ్చిమి లాంటి వాటిలో జరిగింది ఇంకొకటి. మూడు హల్లులు ఒకేచోట ఇరుక్కున్నప్పుడు నాలుక మధ్యలో ఒక అచ్చును చేర్చుకుంటుంది. కన్నడం ‘లకుమి’, తమిళం ‘ఇలక్కుమి’ అలా వచ్చినవే. తమిళంలో మాట ‘ల’తో మొదలు కాకూడదు కాబట్టి ముందు ఇంకో ‘ఇ’ కూడా చేరింది.

ఇదంతా పుస్తకాల గొడవ కాదు. పాసుపుస్తకంలో లక్ష్మమ్మ, రేషన్ కార్డులో లచ్చమ్మ, ఆధార్‌లో లచ్చుమమ్మ అని ఉన్న పెద్దావిడ పింఛను కోసం ఎంత తిరగాలో చూసినవాళ్లకు తెలుసు. కౌంటర్లో కూర్చున్నవాళ్లు ‘సరైన పేరు ఇది’ అని ఆమెను అడక్కుండా మార్చి రాయడంతోనే సగం టెన్షన్ మొదలవుతుంది. ఆమె చెప్పిన పేరే ఆమె పేరు. దాన్ని దిద్దే హక్కు మనకు లేదు.

అపోహ: సిరి ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ పేరు.

వాస్తవం: శ్రీ అనే మాటకు ప్రాకృత రూపం సిరి. శాతవాహనుల శాసనాల్లోనే రాజుల పేర్ల ముందు ‘సిరి’ కనిపిస్తుంది. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో ‘సిరి సాతకని’ అని చెక్కి ఉంది. అది రెండు వేల ఏళ్ల పైమాటే. పోతన ‘సిరికిం జెప్పఁడు’ అన్నప్పుడు ఆ సిరి లక్ష్మే. నార్వే, స్వీడన్ దేశాల్లోనూ సిరి అనే ఆడవాళ్ల పేరు ఉంది. అది సిగ్రిడ్ అనే పేరుకు ముద్దురూపం, మన సిరితో దానికి చుట్టరికం లేదు.

అపోహ: అలివేలు, మంగ వేరే పేర్లు, వాటికీ లక్ష్మికీ సంబంధం లేదు.

వాస్తవం: తిరుచానూరు పద్మావతి అమ్మవారికి తమిళంలో ‘అలర్‌మేల్ మంగై’ అని పేరు. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే యువతి. పువ్వు మీది అమ్మాయి. అది తెలుగు నోట అలమేలుమంగ అయింది, ఆపైన అలివేలుమంగ అయింది. తర్వాత జనం దాన్ని మధ్యకు విరిచి రెండు పేర్లు చేసుకున్నారు. ఒక ఇంట్లో అలివేలు, పక్కింట్లో మంగమ్మ, ఇంకో ఇంట్లో మంగతాయారు. అలివేలు అన్న ముక్కకు విడిగా ‘పువ్వు మీద’ అని తప్ప వేరే అర్థం లేదు. అయినా ఎంత చక్కటి పేరు! కమల, పద్మ, ఇందిర, రమ కూడా ఈ కుటుంబమే. అమరకోశం లక్ష్మి పర్యాయపదాల్లోనే వీటిని చెప్పింది.

నాగలక్ష్మి, సుబ్బలక్ష్మి, వెంకటలక్ష్మి అష్టలక్ష్ముల్లో ఎవరని కొందరు వెతుకుతారు. ఎవరూ కారు. ఇంటి దైవం పేరుకు లక్ష్మిని జోడించి పెట్టుకున్నవి అవి.

అపోహ: చివర దీర్ఘం లేకపోతే తప్పు. ‘లక్ష్మీ’ అనే రాయాలి.

వాస్తవం: సంస్కృతంలో దీర్ఘం ఉంది, ప్రథమా విభక్తిలో విసర్గ కూడా ఉంది. నదీ శబ్దానికి లేని ఆ విసర్గ లక్ష్మికి ఉండటం సంస్కృత విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునే విషయం. తెలుగులోకి వచ్చేసరికి నదీ నది అయినట్టే, సీతా సీత అయినట్టే లక్ష్మి హ్రస్వమైంది. సమాసంలో ముందు పదంగా ఉంటే దీర్ఘం నిలుస్తుంది: లక్ష్మీదేవి, లక్ష్మీనారాయణ. పిలిచేటప్పుడు ‘లక్ష్మీ!’ అని సాగదీస్తాం, అది సంబోధన.

అపోహ: ఇది ఆడవాళ్లకే చెందిన పేరు.

వాస్తవం: లక్ష్మయ్య, లక్ష్మీపతి సంగతి అందరికీ తెలిసిందే. పింగళి లక్ష్మీకాంతం మగవారు. అదే పేరున్న ఆడవాళ్లూ ఉన్నారు. మగవాడికైతే లక్ష్మికి కాంతుడు, అంటే విష్ణువు. ఆడవాళ్ల పేరులో వినబడేది ‘కాంత’. లక్ష్మణుడి పేరు కూడా ఈ మూలం నుంచే వచ్చింది.

అపోహ: ఇంగ్లీషులో ఎక్స్ అక్షరంతో రాస్తే తప్పు, కేఎస్‌హెచ్ రాస్తేనే ఒప్పు.

వాస్తవం: ‘క్ష’కు రోమన్ లిపిలో ఒక్క అక్షరం లేదు. రెండూ దగ్గరి దారులే. దక్షిణాదిలో కేఎస్‌హెచ్, మహారాష్ట్ర, నేపాల్ వైపు ఎక్స్ ఎక్కువ కనిపిస్తాయి. అక్షరాల లెక్క చెప్పి స్పెల్లింగ్ మార్చమనే న్యూమరాలజీ మాట వినకండి. ఆ లెక్క రోమన్ అక్షరాలకు వేసింది, మీ పేరు రాసుకునే లిపి వేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగ్ ఉందో ఆధార్, పాన్, పాస్‌పోర్ట్ అన్నిట్లో అదే ఉండేలా చూసుకోండి. పిల్లకు కొత్తగా పేరు పెడుతుంటే జనన ధ్రువపత్రం రాయించేటప్పుడే తెలుగులో ఎలా ఉండాలో, ఇంగ్లీషులో ఎలా ఉండాలో కాగితం మీద రాసి ఇవ్వండి.