ఎలుకల బోన్ల మీద అపోహలు - వాస్తవాలు

అడవిలో ఎలుకలకి, చుంచులకి బోన్లు పెట్టి లెక్కలు రాయడం నా పని అనగానే జనం అడిగేవి దాదాపు ఇవే, ఒకసారి రాసి పెడితే ప్రతిసారీ చెప్పే బాధ తప్పుతుంది.

అపోహ: సాయంత్రం బోను పెట్టేసి పొద్దున తీరిగ్గా వెళ్లి చూస్కోవచ్చు.

వాస్తవం: తీరిగ్గా వెళ్తే చచ్చినవే దొరుకుతాయి. మేం వాడే షెర్మన్ బోను ఒట్టి అల్యూమినియం రేకు పెట్టె, ఎండ తగిలిందంటే లోపల మాడిపోతుంది, అందుకే తెల్లారుతుండగానే బోన్ల లైన్ మొత్తం తిరిగి పగలంతా మూసేస్తాం. చలి రాత్రయితే అదే రేకు చల్లగా కొరికేస్తుంది, గుప్పెడు దూది పెట్టకపోతే బుల్లి ప్రాణి తట్టుకోలేదు. చుంచుల సంగతి ఇంకా ఘోరం, కొన్ని గంటలు తిండి లేకపోతే పోతాయి, కాబట్టి అవి పడే చోట అర్ధరాత్రి కూడా లేచి చూడాల్సిందే. (అన్నట్టు చుంచు అసలు ఎలుక జాతే కాదు, పురుగులు తినే జీవి.)

అపోహ: తోక పట్టుకుని ఎత్తేస్తే అయిపోద్ది.

వాస్తవం: కొన్ని జాతులకి తోక మీది చర్మం తొడుగులా ఊడి చేతికొచ్చేస్తుంది! బోను మూతికి గుడ్డసంచి పెట్టి అందులోకి దులిపి, సంచి పైనుంచే మెడ మీది చర్మం పట్టుకోవాలి. ముందు సంచితో సహా స్ప్రింగ్ త్రాసుకి వేలాడదీసి, తర్వాత ఖాళీ సంచి బరువు తీసెయ్యాలి. కొత్తలో నేను సంచిని పొద్దున ఒక్కసారే తూచి అదే అంకె అన్నిటికీ వాడేశా, ఎలుకలు అందులో ఉచ్చ పోస్తాయనీ తడిసిన సంచి బరువెక్కుతుందనీ తట్టలేదు, ఆ రోజు బరువులన్నీ కొట్టేశా.

అపోహ: ఏం పడకపోతే రాత్రి దండగ.

వాస్తవం: ఒక బోను ఒక రాత్రి పెడితే ఒక ట్రాప్ నైట్, 100 బోన్లు 4 రాత్రులు పెడితే 400 ట్రాప్ నైట్స్, పడ్డవాటిని దీంతోనే భాగిస్తాం కాబట్టి సున్నా కూడా లెక్కే. ఖాళీగా మూసుకుపోయిన బోనుని మాత్రం విడిగా రాయాలి, చాలామంది దానికి సగం రాత్రి తగ్గిస్తారు.

అపోహ: 20 పడితే 20 ఎలుకలున్నట్టే.

వాస్తవం: ఎరగా పెట్టే పీనట్ బటర్, ఓట్స్ రుచి మరిగిన ఎలుక రోజూ అదే బోనులోకి దర్జాగా వచ్చేస్తుంది, ఇంకోటి ఒకసారి పడితే మళ్లీ ఆ ఛాయలకే రాదు. చెవికి ట్యాగ్ వేసేది అందుకే. ఒక ఆడెలుక వరసగా మూడు పొద్దులూ అదే బోనులో దొరికింది, మూడోరోజు వదిలితే పారిపోకుండా నా బూటు పక్కనే కూర్చుని మీసాలు తుడుచుకుంది.

గ్లౌజులెందుకు అంటారు గానీ, ఎలుక ఉచ్చతో లెప్టోస్పైరోసిస్, హంటా వైరస్ లాంటి జబ్బులు అంటుకుంటాయి, వాడిన బోన్లు కడగకుండా మాత్రం సర్దకండి.